బొమ్మరోగి నేర్పే పాఠాలు

వేయిమందిని చంపితే గాని వైద్యుడు కాడని మన పెద్దల సామెత. నవ్వుతూ చెప్పుకునే మాటే అయినా అందులో ఒక చేదు నిజం దాగి ఉన్నది. ఏ విద్య అయినా చేతికి పట్టుబడాలంటే తప్పులు జరగక తప్పదు. కుమ్మరి పని నేర్చుకునే కుర్రవాడి చేతిలో కుండ చితుకుతుంది. వడ్రంగం నేర్చుకునేవాడి చేతిలో చెక్క పాడవుతుంది. అక్కడ నష్టం మట్టికి, చెక్కకు. కాని నర్సింగు నేర్చుకునే విద్యార్థిని చేతిలో తప్పు జరిగితే మూల్యం చెల్లించేది మంచం మీద పడుకున్న మనిషి. ఆ మనిషి చాలా కాలంపాటు ధర్మాసుపత్రి జనరల్ వార్డులోని పేదవాడే అయినాడు. డబ్బున్నవాడు అనుభవజ్ఞుల చేత సూది వేయించుకున్నాడు; లేనివాడు నేర్చుకునేవారికి చేయి చాపాడు. ఇది ఏ ఒక్క దేశానికో పరిమితమైన సంగతి కాదు.

రోగి దేహం మీద కాక, రోగిని పోలిన బొమ్మ మీద మొదటి తప్పులు చేయించి, ఆ తప్పుల నుంచే విద్య నేర్పే పద్ధతిని సిమ్యులేషన్ అంటారు. తెలుగులో అనుకరణ శిక్షణ అనవచ్చు. ఆ బొమ్మను బొమ్మరోగి అంటే సులభంగా ఉంటుంది. ఈ శిక్షణ స్వరూప స్వభావాలేమిటి, దాని వెనుక ఉన్న శాస్త్రమేమిటి, దాని పరిమితులేమిటి అన్నది ఈ వ్యాస విషయం.

షినాస్ వంటి ఊళ్లలో నర్సు

ఒమాన్ దేశపు ఉత్తర భాగంలో, బాతినా సముద్రతీరాన, ఎమిరేట్స్ సరిహద్దుకు చేరువలో షినాస్ పట్టణం ఉన్నది. ఒక పాత కోట, చేపల పడవలు, మడ అడవులు, ఖర్జూరపు తోటలు, ఒక సాంకేతిక విద్యాసంస్థ ఈ ఊరి గుర్తులు. ప్రాంతానికంతటికీ పెద్దదిక్కయిన ఆసుపత్రి సొహార్ నగరంలో ఉన్నది. అది షినాస్‌కు 50 కిలోమీటర్లకు పైచిలుకు దూరం. రాజధాని మస్కట్ 250 కిలోమీటర్లకు పైబడిన దూరం.

1970కి ముందు ఒమాన్‌లో ఆధునిక వైద్యమంటే మస్కట్, మత్రా పట్టణాలలో అమెరికన్ మిషనరీలు నడిపిన చిన్న ఆసుపత్రులే. మూడు దశాబ్దాలు గడిచేసరికి, అంటే 2000 సంవత్సరంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల ఆరోగ్యవ్యవస్థలను పోల్చి చూసినప్పుడు ఒమాన్‌కు 8వ స్థానం దక్కింది. ఈ ఎదుగుదలలో భారతీయ నర్సుల చెమట చాలా ఉన్నది. వారిలో కేరళీయులు అధికులు. తెలుగు ఆడపడుచులూ ఉన్నారు. క్రమంగా ఒమానీ యువతీ యువకులు ఈ వృత్తిలోకి రావడంతో నర్సింగు విద్యాసంస్థలు వివిధ ప్రాంతాలలో వెలిశాయి. ఉత్తర బాతినా విద్యార్థులకు సొహార్‌లోనే నర్సింగు చదువు అందుబాటులోకి వచ్చింది. 2018లో ఒక రాజాజ్ఞ ద్వారా ఆరోగ్యశాఖ విద్యాసంస్థలను కలిపి ఒమాన్ ఆరోగ్య విజ్ఞాన కళాశాలగా ఏర్పరచారు. మస్కట్‌లో 1986లో ఆరంభమైన సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయపు నర్సింగు కళాశాలలోను, 2006లో ఏర్పడిన ఒమాన్ మెడికల్ స్పెషాలిటీ బోర్డులోను అనుకరణ శిక్షణకు ప్రత్యేక వసతులు నెలకొన్నాయి.

పెద్ద ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్లలో ఈ శిక్షణకు ప్రాముఖ్యం మరింత ఎక్కువ. నిపుణులైన వైద్యులు పిలిస్తే పలికే దూరంలో ఉన్నచోట నర్సు సందేహిస్తే ఇంకొకరు సరిదిద్దుతారు. ప్రమాదంలో గాయపడినవాడో, ఊపిరాడని పసివాడో చిన్న వైద్యకేంద్రానికి వచ్చినప్పుడు మొదటి పది నిమిషాలలో ఆ గదిలోని నర్సు ఏమి గమనించింది, ఎవరికి ఏమి చెప్పింది అన్నదాని మీదనే ఆ తరువాతి గంట ప్రయాణం ఆధారపడి ఉంటుంది. అరుదుగా వచ్చే ఆపదను చదువుకునే రోజుల్లో ఒక్కసారి కూడా చూడని నర్సు, దానిని మొదటిసారి ఒంటరిగా ఎదుర్కోవలసి వస్తే? ఈ ప్రశ్నకు సమాధానంగానే బొమ్మరోగి పుట్టింది.

సుశ్రుతుని సొరకాయ

ఈ ఆలోచన పాశ్చాత్యుల సొత్తు అనుకోనక్కరలేదు. సుశ్రుత సంహితలో సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే ఇక్కడ అభ్యాసమని అర్థం. శాస్త్రమంతా చదివినా చేతితో అభ్యాసం చేయనివాడు కర్మకు తగడని ఆ అధ్యాయం చెబుతుంది. ఏ పనిని దేనిమీద అభ్యసించాలో కూడా పట్టిక వేసినట్లు వివరిస్తుంది. కోత పెట్టడం గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద నేర్వాలి. నీరు, బురద నింపిన తోలుసంచుల మీద చీల్చడం నేర్వాలి. సిరను పొడవడం చచ్చిన పశువుల నరాల మీద, తామరతూండ్ల మీద సాధన చేయాలి. పురుగు తొలిచిన కర్రలో శలాకతో వెదకడం, పనసతొనల నుంచి గింజలు పెరకడం, దళసరి గుడ్డ మీదా మెత్తని తోలు మీదా కుట్లు వేయడం అభ్యసించాలి. కట్లు కట్టడానికి బట్టతోనో మట్టితోనో చేసిన మనిషిబొమ్మను వాడమన్నాడు. వైద్యవిద్యలో బొమ్మరోగిని గురించిన అతి ప్రాచీన ప్రస్తావనలలో ఇది ఒకటి.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. సుశ్రుతుడు ప్రతి పనికీ వేరొక వస్తువును ఎన్నుకున్నాడు. సొరకాయ మనిషిలా ఉండదు. కాని కత్తి కింద దాని తొడుగు ఇచ్చే ప్రతిఘటన చర్మాన్ని తలపిస్తుంది. ఏ నైపుణ్యం నేర్పాలో దానికి అవసరమైన పోలిక చాలు, మిగిలిన పోలికలు అనవసరం. నేటి అనుకరణ శిక్షణకు కూడా ఇదే మూలసూత్రం.

చేజ్ దొరసాని, ఆనీ, సిమ్ వన్

పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని బట్ట, తోలు, దూదితో స్త్రీ కటిభాగపు నమూనాను, శిశువు బొమ్మను తయారుచేసింది. 1759లో రాజు పదిహేనవ లూయీ అనుమతితో ఊరూరా తిరిగి పల్లె మంత్రసానులకు కాన్పు చేయడం నేర్పింది.

నర్సుల కోసమే ప్రత్యేకంగా మనిషంత బొమ్మ తయారైనది 1911లో. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగు పాఠశాల అధిపతి లాడర్ సదర్లాండ్, పిల్లల బొమ్మలు చేయడంలో పేరుపొందిన మార్తా జెన్కిన్స్ చేజ్‌ను అభ్యర్థించగా ఆమె నిలువెత్తు స్త్రీ బొమ్మను చేసి ఇచ్చింది. దానికి మిసెస్ చేజ్ అన్న పేరు స్థిరపడింది. రోగిని పక్కకు తిప్పడం, స్నానం చేయించడం, దుప్పటి మార్చడం, తరువాతి నమూనాలలో సూది వేయడం, ఎనిమా ఇవ్వడం తరతరాల విద్యార్థినులు ఈ దొరసాని దగ్గరే నేర్చుకున్నారు.

1960లో నార్వే దేశపు బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్, నోటితో శ్వాస అందించే పద్ధతిని ప్రచారం చేసిన డాక్టర్ పీటర్ సేఫర్, డాక్టర్ బ్యోర్న్ లిండ్‌ల ప్రోద్బలంతో రిససీ ఆనీ అనే బొమ్మను రూపొందించాడు. ఛాతీలో స్ప్రింగు అమర్చడంతో గుండెను ఎంత లోతుకు నొక్కాలో చేతికి తెలియసాగింది. నేటి ప్రమాణం ప్రకారం పెద్దవారిలో కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పుస్తకంలో ఈ అంకెలు ఎన్నిసార్లు చదివినా 5 సెంటీమీటర్లంటే ఎంత బలమో చేతులకు తెలియదు. బొమ్మను నొక్కిన రెండు నిమిషాలకు నడుము, భుజాలు చెప్పే పాఠం వేరు.

1960ల ఉత్తరార్ధంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అబ్రహామ్సన్, డెన్సన్ అనే ఆచార్యులు సిమ్ వన్ అనే కంప్యూటరు బొమ్మను నిర్మించారు. అది ఊపిరి పీల్చేది, దాని నాడి కొట్టుకునేది, కనుపాపలు చిన్నవి పెద్దవి అయ్యేవి. అదే విశ్వవిద్యాలయంలో 1963లో హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు వేరొక దారి తొక్కాడు. ఆరోగ్యవంతులకే జబ్బు లక్షణాలను నటించడం నేర్పి విద్యార్థుల ముందు నిలిపాడు. మన వీధినాటకాల వేషధారులు విని సంతోషించదగిన ప్రయోగమిది! 2000 ప్రాంతంలో సిమ్‌మ్యాన్ వంటి, ఒక కళాశాల కొనగలిగిన ధరలో దొరికే కంప్యూటరు బొమ్మలు రావడంతో ఈ విద్య నర్సింగు కళాశాలలకు విస్తరించింది.

బొమ్మకు ప్రాణం పోయడం

ఆధునిక బొమ్మరోగి లోపల ఏమున్నది? ఛాతీ లేచి దిగడానికి సంపీడిత వాయువుతో ఉబ్బే సంచులు, మణికట్టు వద్దా మెడ వద్దా నాడి కొట్టుకోవడానికి చిన్న యంత్రాలు, గుండె ఊపిరితిత్తుల చప్పుళ్లకు చర్మం కింద దాగిన స్పీకర్లు, సెలైను ఎక్కించడానికి మార్చుకోదగిన రబ్బరు చర్మం, నాళాలు. మంచం పక్కన ఒక తెర మీద నాడి, రక్తపోటు, రక్తంలో ప్రాణవాయువు శాతం కనిపిస్తుంటాయి. అద్దం వెనుక గదిలో కూర్చున్న అధ్యాపకురాలు మైకులో మాట్లాడితే బొమ్మ నోటి నుంచి వినిపిస్తుంది.

తెర మీది అంకెలను నడిపే పద్ధతులు రెండు. మొదటి పద్ధతిలో అధ్యాపకురాలే విద్యార్థి చేష్టలను బట్టి అంకెలు మారుస్తుంది. రెండవ పద్ధతిలో గణితం మారుస్తుంది. శరీరంలో ఒక మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం, గుండె ప్రతి నిమిషం తోడే రక్తం, ఊపిరితిత్తులలో వాయువుల పీడనం వంటి వాటిని సమీకరణాలుగా వ్రాసి కంప్యూటరుకు అప్పగిస్తారు. విద్యార్థి మందు ఇస్తే దాని ఫలితాన్ని సమీకరణమే నిర్ణయిస్తుంది. మందు ఇవ్వడం ఆలస్యమైతే ఆ ఫలితాన్నీ అదే నిర్ణయిస్తుంది.

ఒక నమూనా పాఠం

ఒమాన్‌కు, మన దేశానికి ఉమ్మడిగా ఉన్న ఒక వ్యాధిని తీసుకుంటే పాఠం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అది సికిల్ సెల్ రక్తహీనత. ఒమానీలలో సుమారు 6 శాతం మందిలో దీని జన్యువు ఒక పాలు ఉన్నట్లు సర్వేలు తెలిపాయి. మన దేశంలో దీనిని 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. తెలుగునాట మన్యపు జాతులలోనూ ఉన్నది. 2023లో భారత ప్రభుత్వం దీని నిర్మూలనకు ఒక జాతీయ కార్యక్రమం చేపట్టింది. దీని రసాయనం ఆశ్చర్యకరమైనది. ఇది అణువు లోపం వల్ల కలిగే వ్యాధి అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం నిరూపించింది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానాన గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలిన్ ఉండడమే ఆ లోపం. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడుగాటి పోగులుగా మారతాయి. గుండ్రని రక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాలలో ఇరుక్కుంటుంది. ఎముకలలో భరించరాని నొప్పి పుడుతుంది.

పాఠానికి కల్పించిన రోగి 19 ఏండ్ల యువకుడు. నొప్పితో వచ్చాడు. వైద్యుని ఆజ్ఞ మేరకు సిరలో మార్ఫిన్ ఇచ్చారు. ముక్కు మీద ముసుగుతో 40 శాతం ప్రాణవాయువు అందుతున్నది. విద్యార్థిని లోపలికి వచ్చేసరికి "సిస్టర్, కొంచెం తగ్గింది, నిద్ర వస్తున్నది" అంటుంది బొమ్మ. తెర మీద ప్రాణవాయువు 98 శాతం. నాడి నిదానంగా ఉన్నది. శ్వాసల సంఖ్య చూపే గీతను అధ్యాపకురాలు కావాలనే ఆపివేసింది. విద్యార్థిని తెర చూసి, కుర్రవాడు ప్రశాంతంగా నిద్రపోతున్నాడని తలచి, కాగితంలో అంకెలు వ్రాసుకొని పక్క పనిలో పడుతుంది. బొమ్మ ఛాతీ మాత్రం నిమిషానికి 18 సార్ల నుంచి 14కు, 14 నుంచి 9కి దిగుతున్నది.

ఇక్కడ దాగిన గోతిని మూడు చిన్న లెక్కలు బయటపెడతాయి. సముద్రమట్టం వద్ద మనం పీల్చే గాలిలో నీటి ఆవిరిని మినహాయిస్తే ప్రాణవాయువు పీడనం సుమారు 150 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తుల గాలిగదులలో బొగ్గుపులుసు వాయువు పీడనం మామూలుగా 40, దానిని 0.8తో భాగిస్తే 50. 150లోంచి 50 తీసివేస్తే 100 మిగులుతుంది. ఇది ఆరోగ్యవంతుని లెక్క. ఇప్పుడు మార్ఫిన్ వల్ల శ్వాస సగానికి తగ్గిందనుకుందాం. బొగ్గుపులుసు వాయువు 40 నుంచి 80కి పెరుగుతుంది, 0.8తో భాగిస్తే 100. మామూలు గాలి పీలుస్తున్నవానికి 150లోంచి 100 పోగా మిగిలేది 50 మాత్రమే. రక్తంలో ప్రాణవాయువు 85 శాతం ప్రాంతానికో, ఇంకా కిందికో జారుతుంది. యంత్రం గంట మోగిస్తుంది. కాని ఈ కుర్రవాడు పీలుస్తున్నది 40 శాతం ప్రాణవాయువు. దాని పీడనం 285. అందులోంచి 100 పోయినా 185 మిగులుతుంది. తెర మీద 98 చెక్కుచెదరదు. గంట మోగదు. లోపల మాత్రం బొగ్గుపులుసు వాయువు రెట్టింపై, రక్తం ఆమ్లమై, మత్తు ముదురుతూ ఉంటుంది.

అంటే, రోగికి మేలు చేస్తున్న ప్రాణవాయువే ప్రమాద సూచనను కప్పివేస్తున్నది. ఈ రోగిని కాపాడగలిగినది యంత్రం కాదు. ఛాతీ మీద చూపు నిలిపి, చేతి గడియారం చూస్తూ, నిండు నిమిషంపాటు శ్వాసలు లెక్కపెట్టి, భుజం తట్టి పేరుపెట్టి పిలిచే నర్సు. పుస్తకంలో "శ్వాసలు లెక్కించవలెను" అన్న వాక్యాన్ని ప్రతి విద్యార్థినీ చదివే ఉంటుంది. నిద్రపోతున్నాడనుకున్న బొమ్మ కళ్లముందే ఊపిరి మానివేసిన తరువాత ఆ వాక్యం మరపురాదు.

పాఠం అక్కడితో ఆగదు. తల వెనుకకు వంచి శ్వాసమార్గం తెరవాలి, సంచి ముసుగుతో ఊపిరి అందించాలి, తోటివారిని పిలవాలి, వైద్యునికి కబురు చెప్పాలి. కబురు చెప్పడానికి కూడా ఒక క్రమం ఉన్నది: ఇప్పటి పరిస్థితి, దాని పూర్వరంగం, తన అంచనా, తాను కోరుతున్నది. ఈ నాలుగంచెల పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. "డాక్టరు గారూ, రోగి బాగాలేడు" అనడానికీ, "మార్ఫిన్ ఇచ్చిన అరగంటకు శ్వాసలు 9కి పడిపోయాయి, పిలిస్తే పలకడం లేదు, మందు ఎక్కువైందనుకుంటున్నాను, వెంటనే రండి, నాలోక్సోన్ సిద్ధం చేయమంటారా" అనడానికీ మధ్య ఒక ప్రాణం ఉన్నది.

నాలోక్సోన్ మార్ఫిన్‌కు విరుగుడు. 0.4 మిల్లీగ్రాముల మందును 10 మిల్లీలీటర్లకు పలుచన చేసి, వైద్యుని ఆజ్ఞపై కొద్దికొద్దిగా ఇస్తారు. ఒక్కసారిగా ఇస్తే నొప్పి మళ్లీ విరుచుకుపడుతుంది. రోగి కళ్లు తెరుస్తాడు, విద్యార్థిని నిట్టూరుస్తుంది. అధ్యాపకురాలు గడియారాన్ని గంట ముందుకు జరిపి బొమ్మను మళ్లీ మత్తులోకి దించుతుంది! కారణం సరళమైన రసాయనమే. నాలోక్సోన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు గంట చాలు. మార్ఫిన్‌కు రెండు మూడు గంటలు కావాలి. విరుగుడు ముందే వెళ్లిపోతుంది, విషం మిగిలిపోతుంది. కళ్లు తెరిచిన రోగిని వదలి వెళ్లరాదన్నది ఈ పాఠంలో రెండవ నీతి. రోగిని షినాస్ వంటి ఊరి నుంచి అంబులెన్సులో తరలిస్తున్నప్పుడు ఆ గంట ఎక్కడ ముగుస్తుందో ఊహించుకుంటే దీని విలువ తెలుస్తుంది.

అసలు చదువు ఆట ముగిసిన తరువాత

ఈ విద్యలో పండినవారంతా ఏకకంఠంతో చెప్పే మాట ఒకటి ఉన్నది: బొమ్మ దగ్గర గడిపిన పది పదిహేను నిమిషాలు విత్తనం మాత్రమే, ఆ తరువాత కూర్చుని చేసే సమీక్షే పంట. అందుకు రెట్టింపు కాలం కేటాయించడం పరిపాటి. "నీవు శ్వాసలు ఎందుకు లెక్కపెట్టలేదు?" అని గద్దిస్తే విద్యార్థిని తల దించుకుంటుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. "తెర మీద 98 కనిపించినప్పుడు నీ మనసులో ఏమనుకున్నావు?" అని అడిగితే, తప్పు వెనుక ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. సరిదిద్దవలసినది ఆ ఆలోచననే. నర్సింగు అనుకరణ శిక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2011 నుంచి ప్రకటిస్తున్న ప్రమాణాలలో ఈ సమీక్షకు ప్రముఖ స్థానం ఉన్నది. అక్కడ జరిగిన తప్పులు ఆ గది దాటకూడదన్నది మరొక నియమం.

బెత్తం కింద చదువుకున్న తరాలకు ఇది కొంత వింతగా తోచవచ్చు. కాని ఆసుపత్రులలో దాచిన తప్పు చేసిన తప్పుకన్నా ప్రమాదకరం. నివారించదగిన వైద్య దోషాల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది తమ ఆసుపత్రులలో మరణిస్తున్నారని 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేసి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. తప్పును చెప్పుకోగల ధైర్యం విద్యార్థి దశలో అలవడకపోతే ఉద్యోగంలో అలవడదు.

బొమ్మ మనిషికి సాటి రాగలదా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి అమెరికా నర్సింగు మండలుల జాతీయ సమాఖ్య ఒక పెద్ద అధ్యయనం జరిపించి 2014లో ప్రకటించింది. పది నర్సింగు కళాశాలల విద్యార్థులను మూడు జట్లుగా విభజించారు. మొదటి జట్టుకు ఎప్పటిలాగే ఆసుపత్రిలోనే శిక్షణ. అనుకరణ 10 శాతానికి మించదు. రెండవ జట్టుకు ఆసుపత్రి గంటలలో 25 శాతం, మూడవ జట్టుకు 50 శాతం బొమ్మరోగుల దగ్గర. చివరివరకు నిలిచిన 666 మంది విద్యార్థుల జ్ఞానంలోను, పనితనంలోను, అర్హత పరీక్ష ఉత్తీర్ణతలోను మూడు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఆరు నెలల పనిని గమనించినా ఫలితం అదే.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. సగం కాలం బొమ్మలతో గడిపినా నష్టం లేదని అది చెప్పింది; మనుషులు అక్కరలేదని చెప్పలేదు. పైగా ఆ కళాశాలలలో శిక్షణ పొందిన అధ్యాపకులు, చాలినన్ని పరికరాలు, క్రమబద్ధమైన సమీక్షలు ఉన్నాయి. అవి లేనిచోట బొమ్మను మాత్రం కొని ఆ అధ్యయనాన్ని సాక్ష్యంగా చూపడం వంటవాడు లేని ఇంటికి గంగాళం కొన్నట్లే.

బొమ్మ నేర్పలేనివీ ఉన్నాయి. చాలా బొమ్మల చర్మం పాలిపోదు, చల్లబడదు. గాయపు వాసన రాదు. తల్లి ఏడుపు వినిపించదు. బాతినా తీరపు వృద్ధుడు అరబ్బీలోనో బలూచీలోనో చెప్పే బాధను బొమ్మ చెప్పదు. "వేన్ అల్ అలమ్?" అంటే "నొప్పి ఎక్కడ?" అని అడగడం తెలుగు నర్సు నెలరోజుల్లో నేర్చుకోగలదు, వచ్చిన సమాధానాన్ని అర్థం చేసుకోవడానికి మనుషుల మధ్యనే మెలగాలి. రోగి వేషం వేసే నటులు ఈ లోటును కొంత పూడుస్తారు. ఇక పరపురుషుని, పరస్త్రీని తాకడానికి మన పిల్లలకైనా, ఒమానీ పిల్లలకైనా సహజమైన సంకోచం ఉంటుంది. బొమ్మ దగ్గర ఆ బెదురు పోతుంది. కాని బెదురుతో పాటు మర్యాద కూడా పోకూడదు. బొమ్మనైనా పేరుపెట్టి పలకరించి, అనుమతి అడిగి, తెర లాగి, ఆ తరువాతనే దుప్పటి తొలగించాలని మంచి అధ్యాపకులు పట్టుబట్టేది అందుకే. చేతులు కడుక్కోకుండా బొమ్మను ముట్టుకునే అలవాటు పడితే ఆ అలవాటు రోగి దగ్గరికీ వస్తుంది.

తెలుగునాట పరిస్థితి

మన దేశంలో భారత నర్సింగు మండలి 2021లో ప్రకటించిన సవరించిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యప్రణాళికలో నైపుణ్య ప్రయోగశాలకు, అనుకరణ శిక్షణకు స్థానం కల్పించింది. అంతకుముందే హర్యానాలోని గురుగ్రామ్‌లో ఒక జాతీయ అనుకరణ శిక్షణ కేంద్రం మండలి సహకారంతో ఏర్పడింది. తెలుగునాట 2005లో హైదరాబాదులో పుట్టిన 108 అంబులెన్సు సేవ, 2007 నుంచి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి తన సిబ్బందికి అత్యవసర వైద్యంలో శిక్షణ ఇప్పించింది. బొమ్మ మీద చేయి తిరిగిన మనిషి రోడ్డు మీద ప్రాణం నిలబెట్టగలడనడానికి ఆ సేవ మనకు తెలిసిన నిదర్శనం.

ఖరీదైన బొమ్మ లేకపోతే ఈ విద్య లేదనుకోవడం పొరపాటు. బత్తాయి మీద సూది వేయడం సుశ్రుతుని సొరకాయకు తమ్ముడే. నీళ్లు నింపితే పసిబిడ్డ బరువు, మెత్తదనం వచ్చే చవకైన బొమ్మలు, ఒక మనిషి నడుముకు కట్టుకొని కాన్పును, కాన్పు తరువాతి రక్తస్రావాన్ని అభినయించే సంచులు ఇప్పుడు పల్లె ఆరోగ్యకేంద్రాలకూ అందుబాటులో ఉన్నాయి. సంచి కట్టుకున్న మనిషి మూలుగుతుంది, భయపడుతుంది, ప్రశ్నలు అడుగుతుంది. అటువంటి పాఠానికి లక్షల రూపాయల యంత్రం ఏ విధంగానూ మిన్న కాదు.

గల్ఫ్ దేశాలలో నర్సుగా పనిచేయాలంటే ప్రోమెట్రిక్ వంటి కంప్యూటరు పరీక్ష దాటాలి. ఆ పరీక్ష కోసం మన ఊళ్లలో నెలల తరబడి ప్రశ్నలు జవాబులు వల్లె వేయిస్తారు. అది అవసరమే. కాని నాలుగు జవాబులలో ఒకటి గుర్తించడం వేరు, నాలుగు జవాబులు ఎవరూ ఇవ్వని అర్ధరాత్రి వార్డులో ఏ ప్రశ్న పుట్టిందో కనిపెట్టడం వేరు. శ్వాస 9కి పడిపోయినప్పుడు ఏమి చేయాలని పరీక్ష అడుగుతుంది. శ్వాస పడిపోయిందని మాత్రం అక్కడ ఎవరో ముందే చెప్పి ఉంటారు.

కనుక బిడ్డను నర్సింగు కళాశాలలో చేర్పించే తల్లిదండ్రులు భవనాన్ని, బస్సును చూసినట్లే మరి కొన్ని సంగతులు కూడా విచారించాలి. అనుకరణ ప్రయోగశాల ఉన్నదా? ఉంటే బొమ్మలు అద్దాల బీరువాలో తాళం కింద ఉన్నాయా, విద్యార్థుల చేతుల్లో నలిగి ఉన్నాయా? నెలకు ఎన్నిసార్లు ప్రతి విద్యార్థినికీ వంతు వస్తుంది? పాఠం తరువాత సమీక్ష జరుపుతారా? దానిని జరపడంలో అధ్యాపకులు శిక్షణ పొందారా? కొత్తగా మెరిసిపోయే బొమ్మ కన్నా, చేతి చర్మం వందసార్లు మార్చిన పాత బొమ్మ ఉన్న కళాశాల మేలు.

బొమ్మరోగి ఎన్నిసార్లు ఊపిరి వదిలినా ఏ ఇంటా దీపం ఆరదు. నేర్చుకునే చేతి తప్పును పేదవాడి దేహం కాక రబ్బరు దేహం భరించడం విద్యలో సౌకర్యం మాత్రమే కాదు, ధర్మం కూడా. సొహార్‌లో చదివే ఒమానీ విద్యార్థినికైనా, గుంటూరులో చదివి షినాస్‌కు వెళ్లే తెలుగు అమ్మాయికైనా మొదటి తప్పు చేయడానికి ఒక చోటు కావాలి. ఆ చోటును మంచం మీది మనిషికి దూరంగా ఏర్పరచడం, దానిని తాళం తీసి ఉంచడం ఆ బిడ్డలకు పాఠం చెప్పే సంస్థల బాధ్యత.